ఉత్తమ వాహకం

తార్నాకలో మా ల్యాబుకి
డ్యూటీ దిగి, ఖాకీ చొక్కాతోనే వచ్చింది అండాలు.
వేళ్లకి కట్టాలి నిజానికి, సిగ్నల్ అక్కడే బాగుంటుంది.
"వేళ్లు నావి గావు మేడం," అంది,
"నోట్లవి, చిల్లరవి, టికెట్ మిషనువి."
అందుకని ఎడమ మణికట్టుకి కట్టాను పట్టీ,
రెండు వెండి చుక్కలు లోపలి వైపుకి,
పాత వాచీ వదిలిన తెల్ల మచ్చ మీద.

"ఏం కొలుస్తదిది?"
చెమట, అన్నాను.
పగలబడి నవ్వింది.
"మే నెలల, మా బస్సుల, చెమట కొలుస్తరా?
బకెట్లు తెచ్చుకోండ్రి."

ఆ చెమట కాదు. ఎండకి కాక
ఉలికిపాటుకి పుట్టేది,
తుడుచుకునేంత కూడా ఉండనిది.
చర్మం గుండా వెంట్రుకంత కరెంటు పంపితే
లోపల ఏదో కదిలిన క్షణాన
దానికి దారి కాస్త సులువవుతుంది.
చెప్తూ చెప్తూ ఎనిమిదో తరగతి సైన్సు వాచకంలోకి జారాను:
విద్యుత్తును తన గుండా పోనిచ్చేది వాహకం.
"అంటే కండక్టరే గదా," అంది.

ఒక బటన్ చూపించాను.
మనసుకి ఏమైనా అనిపిస్తే నొక్కమన్నాను.
రైట్ రైట్ అన్నంత తేలిగ్గా తలూపింది.

పదిహేను రోజుల గీత నా తెర మీద.
నాలుగో రోజు పొద్దున ఫుట్‌బోర్డు మీదివాడెవడో
అమ్మనీ అక్కనీ కలిపి తిట్టాడు.
ఆ సంగతి చెప్పింది డ్రైవర్ యాదగిరి, ఆమె కాదు.
గీత కదల్లేదు.
జీరో టికెట్టుకి ఆధార్ చూపనని ఒకావిడ
ప్యారడైజ్ నుంచి రాణిగంజ్ దాకా జగడం.
కదల్లేదు.
నిండు చూలాలొకతె రాడ్డు పట్టుకుని తూలినప్పుడు
ఒక చిన్న అల, అంతే.

కానీ రోజూ, ప్రతి ట్రిప్పులో,
లక్డీకాపూల్ స్టాపు దగ్గర పడుతుంటే
గీత కుక్కని చూసిన పిల్లిలా
వెన్ను విరిచి లేచేది.

ట్రాఫిక్ రణగొణ, అని రాశాను నా పట్టికలో.
మెట్రో పిల్లర్లు, హారన్లు, తలుపు దగ్గర తోపులాట.
కారణాలకి నా దగ్గర కరువేముంది?

"గాడనా?" అంది, ప్రింటు కాగితం చూసి.
ఆ శిఖరాల మీద కాసేపు వేలితో నడిచింది.
"పదిహేనేండ్ల కింద గాడనే చెకింగోల్లు ఎక్కిండ్రు.
ఒక ముసలాయిన పైసలిచ్చిండు.
టికెట్ చింపుతనే ఉన్న.
సగం చినిగింది ఇంక నా వేళ్ల నడుమనే ఉన్నది.
ఆరు రూపాయలు మేడం.
నాలుగు నెలలు ఇంట్ల కూసోవెట్టిండ్రు.
నేనైతే ఎప్పుడో మర్సిన."
మణికట్టు వైపు చూసింది,
పరువు తీసిన దగ్గరి చుట్టాన్ని చూసినట్టు.
"ఇది మర్వలే."

ట్రాఫిక్ అన్న మాట కొట్టేశాను.
ఆ గడి ఇప్పటికీ ఖాళీ.

ఇక బటన్. పదిహేను రోజుల్లో
ఒక్కసారే నొక్కింది,
మంగళవారం మధ్యాహ్నం మూడూ పన్నెండుకి.
అక్కడ గీత చదునుగా ఉంది,
ఇస్త్రీ చేసి మడతపెట్టినట్టు.
యంత్రం లోపమనుకున్నాను.

"అప్పుడేమైంది?"
"ఏం కాలే.
ట్యాంక్‌బండ్ మీద బస్సు ఖాళీగున్నది.
కిటికీలకెల్లి గాలొచ్చింది.
యాదగిరన్న సుత హారన్ కొట్టలే.
ఏమన్న అయితేనే రాస్కుంటరా మీరు?
ఏం కానిది గూడ జెర ఎక్కించుకోండ్రని నొక్కిన."

పట్టీ విప్పాను.
చర్మం మీద రెండు తడి గుంటలు,
చూస్తుండగానే ఆరిపోయాయి.
పాల్గొన్నందుకు ఇచ్చే ఐదు వందలూ
అన్నీ యాభైలే, కవరులో పెట్టి ఇచ్చాను.
వేలు తడి చేసుకుని రెండుసార్లు లెక్కపెట్టింది.
తలుపు దాకా పోయి
ఆగి, వెనక్కి వచ్చింది.

"రసీదు ఇయ్యలే మేడం."